లూపస్‌కి, సోరియాసిస్‌కి మన డీఎన్ఏలో ఉన్న పాత వైరస్‌లే కారణమా?

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్ళకీ తెలుస్తుంది. మీ చెల్లెలికి చెంప మీద, చెవి గుంటలో మచ్చలొచ్చి బయాప్సీ చేస్తే డిస్కాయిడ్ లూపస్ (మన ఇమ్యూనిటీ మన చర్మం మీదే తిరగబడే జబ్బు) అన్నారు, హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టారు, ఈలోపు మీరు ఏదో వీడియోలో మన డీఎన్ఏలో 8 శాతం పాత వైరస్‌లదేనని, అవి మళ్ళీ లేస్తే లూపస్, సోరియాసిస్, బొల్లి లాంటివి వస్తాయని చూశారు. దాంతో ఇది ఇంట్లోవాళ్ళకి అంటుకుంటుందా, ఆ వైరస్‌కి టెస్ట్ ఉందా, హెచ్ఐవీ మందులతో తగ్గుతుందంట కదా, సంబంధాలు చూస్తున్నాం రేపు పిల్లలకి వస్తుందా అని నాలుగు అడిగారు.

అంటుకోదు. మీకు పనికొచ్చే టెస్ట్ ఏదీ లేదు, ఎవరన్నా చేస్తామంటే డబ్బులు దండగ. హెచ్ఐవీ మందుల జోలికి సొంతంగా వెళ్ళకండి, ఎందుకో కింద చెప్తా. పిల్లల సంగతికి మాత్రం ఈ పాత వైరస్‌లతో సంబంధం లేని వేరే ముఖ్యమైన విషయం ఒకటుంది, అది చివర్లో రాస్తాను, మిగతాది వదిలేసినా అది చదవండి. నేను స్కిన్ డాక్టర్‌ని, ల్యాబ్ మనిషిని కాదు, కానీ ఓపీలో లూపస్ పేషెంట్లని ఏళ్ళ తరబడి చూస్తున్నా కాబట్టి దీని మీద వచ్చే పేపర్లు వదలకుండా చదువుతుంటా.

2001లో మానవ జీనోం మొదటి ముసాయిదా వచ్చినప్పుడు చాలామంది నోరెళ్ళబెట్టిన లెక్క ఇదే, మొత్తం డీఎన్ఏలో ప్రోటీన్లు తయారుచేసే భాగం 2 శాతం కూడా లేదు, రెట్రోవైరస్‌ల నుంచి వచ్చిన ముక్కలు మాత్రం సుమారు 8 శాతం. అంటే వీడియోలో అంకె కరెక్టే. కానీ ఆ 8 శాతం మీ చెల్లెలికి ఎంతుందో మీకూ నాకూ అంతే ఉంది, ఆ వీడియో చేసినాయనకీ ఉంది, చింపాంజీలకి కూడా చాలావరకు అవే ముక్కలు అవే చోట్ల ఉన్నాయి. అందుకని ఆమెకి వైరస్ ఉంది, మాకు లేదు అనుకోవడంలో అర్థం లేదు. అందరిలో ఉన్నదే కొందరిలో మాత్రం ఎందుకు గొడవ చేస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఇవి లోపలికి ఎలా వచ్చాయంటే, రెట్రోవైరస్ అంటే హెచ్ఐవీ జాతిది, దాని దగ్గర రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది (1970లో టెమిన్, బాల్టిమోర్ ఎవరికి వారు కనిపెట్టారు, 1975లో నోబెల్ కూడా వచ్చింది), దాంతో తన ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చుకుని పోయి మన క్రోమోజోమ్‌లోనే కూర్చుంటుంది. రక్తకణంలో కూర్చుంటే ఆ మనిషితోనే పోతుంది, కానీ ఎప్పుడో అరుదుగా అండంలోనో వీర్యకణంలోనో కూర్చుంటే పుట్టే బిడ్డ ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది, ఆ బిడ్డ పిల్లలకీ వెళ్తుంది, అక్కడి నుంచి అది రోగం కాదు వారసత్వం. ఇది పాత కథేమీ కాదు, ఆస్ట్రేలియాలో కోలాలకి ఇప్పుడు మన కళ్ళ ముందే జరుగుతోంది, ఉత్తరాన ఉన్న కోలాలన్నిటి జీనోమ్‌లోకీ ఒక రెట్రోవైరస్ చేరిపోయింది, దక్షిణాన ఉన్నవాటికి ఇంకా పూర్తిగా చేరలేదు. మన పూర్వీకుల విషయంలో ఇవి చాలావరకు కోట్ల ఏళ్ళ కిందటే జరిగిపోయాయి, అప్పటికి మనిషి అనేవాడే లేడు. హెర్వ్-కె అనే కుటుంబం ఒక్కటి కాస్త కొత్తది, అందులో కొన్ని మనం చింపాంజీల నుంచి విడిపోయాక చేరినవి. హెర్వ్ అంటే ఈ పాత వైరస్ డీఎన్ఏలన్నిటికీ కలిపి పెట్టిన పేరు.

ఇన్ని కోట్ల ఏళ్ళలో మ్యుటేషన్లు పడి దాదాపు అన్నీ చెడిపోయాయి. చాలాచోట్ల వైరస్ మధ్యభాగం మొత్తం ఎగిరిపోయి చివర్లో ఉండే ఎల్‌టీఆర్ అనే ముక్క ఒక్కటే మిగిలింది, అది జీన్‌లని ఆన్ ఆఫ్ చేసే స్విచ్. మనుషుల్లో వీటిలో ఏదీ పూర్తి వైరస్‌గా తయారై ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకున్న దాఖలా లేదు. అందుకే మీ చెల్లెలి టవల్, సబ్బు, కంచం వేరు పెట్టే పని అస్సలు చేయకండి, ఓపీలో ఇలాంటివి చూస్తుంటే నాకు జబ్బు కంటే ఇదే బాధగా ఉంటుంది.

పైగా ఇవన్నీ చెడ్డవేం కాదు. గర్భంలో మాయ ఏర్పడటానికి కావాల్సిన సిన్సిటిన్-1 అనే ప్రోటీన్ ఒకప్పటి హెర్వ్-డబ్ల్యూ వైరస్ పైతొడుగు ప్రోటీనే, ఆ సంగతి 2000లో తేలింది. 2016లో ఇంకో మంచి పని బయటపడింది, ఎంఈఆర్41 అనే పాత వైరస్ స్విచ్‌లు మన ఇమ్యూనిటీ జీన్‌ల పక్కన కూర్చుని ఇంటర్‌ఫెరాన్ (వైరస్ వచ్చిందని కణాలు ఒకదానికొకటి పంపే కబురు) రాగానే వాటిని ఆన్ చేస్తున్నాయని, అంటే నిజం వైరస్‌లతో పోరాడటానికి మనం వాడుకుంటున్న వైరింగ్‌లో కొంత వైరస్‌ల దగ్గర్నుంచి వచ్చిందేనన్నమాట. మీ చెల్లెలి రిపోర్టుల్లో సీ3, సీ4 అని ఉంటాయి చూడండి, అవి రక్తంలో ఉండే ఇమ్యూనిటీ ప్రోటీన్లు, ఆ సీ4 తయారుచేసే జీన్ మధ్యలో కూడా కొందరికి సుమారు 6,400 అక్షరాల పొడవున్న హెర్వ్-కె ముక్క ఒకటి ఇరుక్కుని ఉంటుంది, అది ఉన్నదాన్ని పొడవు సీ4 అని, లేనిదాన్ని పొట్టి సీ4 అని అంటారు. లూపస్ రిస్క్ ఈ ముక్క ఉండటం వల్ల కాదు, మొత్తం సీ4 జీన్ కాపీలు తక్కువ ఉన్నవాళ్ళకి ఎక్కువ.

సరే, మరి గొడవ ఎక్కడ? మన శరీరం ఈ పాత సామానంతా అటకెక్కించేసింది. డీఎన్ఏ మీద మిథైల్ గ్రూపులనే చిన్న రసాయన ముద్రలు అంటించి (దీన్నే మిథైలేషన్ అంటారు), డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లని బిగించి, కేఆర్ఏబీ జింక్ ఫింగర్ ప్రోటీన్లని కాపలా పెట్టి అవి చదవబడకుండా చూస్తుంది. ఈ కట్టుబాటు సడలిందనుకోండి, పాత వైరస్ ముక్కల నుంచి ఆర్ఎన్ఏ తయారవుతుంది, కొన్నిసార్లు రెండు పోగుల ఆర్ఎన్ఏ. అలాంటిది మామూలుగా వైరస్ దాడి చేసినప్పుడే కణంలో కనబడుతుంది, దాన్ని పట్టుకోవడానికే ఎండీఏ5 అనే సెన్సర్ ఉంది. డీఎన్ఏ ఉండకూడని చోట కనబడితే సీగ్యాస్ అనే ఇంకోటి పట్టుకుంటుంది. ఏది పట్టుకున్నా చివరికి బయటికొచ్చేది టైప్-1 ఇంటర్‌ఫెరాన్, వైరస్ వచ్చింది లేవండి అని పక్క కణాలన్నిటికీ కబురు. ఇక్కడ వచ్చిన వైరస్ ఏమీ లేదు, కబురు మాత్రం వెళ్ళిపోయింది.

ఇది ఊహ కాదని 2015లో క్యాన్సర్ వైపు నుంచి గట్టిగా రుజువైంది. అజాసైటిడిన్, డెసిటబిన్ అనే రక్తక్యాన్సర్ మందులు మిథైల్ గ్రూపులు తీసేస్తాయి, ఆ మందులు క్యాన్సర్ కణాలకి ఇస్తే పాత వైరస్‌ల నుంచి రెండు పోగుల ఆర్ఎన్ఏ వచ్చి కణం తనకి వైరస్ సోకినట్టే ప్రవర్తించడం మొదలుపెట్టింది, అదీ రెండు టీములు విడివిడిగా ఒకే ఏడాది చూపించాయి. క్యాన్సర్‌లో అదే మనకి కావాలి. లూపస్‌లో అదే మనకి వద్దు.

లూపస్‌కి ఈ మిథైలేషన్ లింకు ఇంకా పాతది. బీపీకి ఇచ్చే హైడ్రలజీన్, గుండె లయ తప్పితే ఇచ్చే ప్రొకెయినమైడ్ వాడినవాళ్ళలో కొందరికి లూపస్ లాంటి జబ్బు వస్తుందని, మందు ఆపితే తగ్గుతుందని డాక్టర్లకి ఎప్పటి నుంచో తెలుసు. అమెరికాలో బ్రూస్ రిచర్డ్‌సన్ అనే ఆయన 1980ల చివర్లో, ఆ తర్వాత చేసిన పనిలో ఈ రెండు మందులూ టీ-కణాల్లో (ఇవి ఒక రకం ఇమ్యూనిటీ కణాలు) మిథైలేషన్ తగ్గిస్తాయని, లూపస్ పేషెంట్ల టీ-కణాల్లో మందు ఏదీ లేకుండానే మిథైలేషన్ తక్కువ ఉందని చూపించాడు. మిథైలేషన్ తగ్గితే పాత వైరస్‌లే కాదు, ఇంకా చాలా జీన్‌లు కూడా తెరుచుకుంటాయి, కాబట్టి మొత్తం నెపం వైరస్‌ల మీద వేయడానికి లేదు. వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఇప్పుడు చర్మం దగ్గరికి వద్దాం. చర్మానికి ఉన్న ప్రత్యేకత ఎండ. 1999లోనే ఒక పేపర్ వచ్చింది, మనిషి చర్మం పైపొర కణాల మీద యూవీ-బి కిరణాలు వేస్తే పాత రెట్రోవైరస్ ముక్కల నుంచి ఆర్ఎన్ఏ తయారవడం పెరిగిందని. లూపస్‌లో ఎండ ఎంత పని చేస్తుందో మాకు పేపర్లు చెప్పక్కర్లేదు, గుంటూరు వైపు మిరప కోతలకి పోయొచ్చిన ఆడవాళ్ళు మార్చి దాటేసరికి కొత్త మచ్చలతో ఓపీకి వస్తారు. ఇందులో జనాన్ని తికమక పెట్టేది ఒకటుంది, ఎండకి వెళ్ళిన రోజు మచ్చ రాదు, వారానికో రెండు వారాలకో వస్తుంది, అప్పటికి ఎండ సంగతి మర్చిపోయి నిన్న తిన్న వంకాయ మీద పెడతారు. పాపం వంకాయ, మన దగ్గర ఏ చర్మం జబ్బొచ్చినా ముందు ఇంట్లోంచి వెళ్ళిపోయేది అదే. లూపస్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు, గోంగూరకీ లేదు, తినమనండి.

ఎండకి కణాలు చచ్చిపోయినప్పుడు ఆర్ఓ60 అనే ప్రోటీన్ బయటపడుతుంది, లూపస్ రిపోర్టుల్లో "యాంటీ-రో" లేదా "ఎస్ఎస్ఏ" అని ఉండేది దీని మీద తయారయ్యే యాంటీబాడీనే, ఎండకి తిరగబెట్టే సబ్‌అక్యూట్ రకం చర్మ లూపస్‌లో ఇది చాలామందికి పాజిటివ్ ఉంటుంది. 2015లో సైన్స్ పత్రికలో ఈ ఆర్ఓ60 ప్రోటీన్ అసలు దేన్ని పట్టుకుని ఉంటుందో చూశారు, ఆలు అనే ముక్కల ఆర్ఎన్ఏని. ఆలు అంటే వైరస్ కాదు, కానీ అదీ మన జీనోమ్‌లో తనని తాను కాపీ చేసుకుంటూ పదో వంతు దాకా ఆక్రమించిన గెంతుడు డీఎన్ఏనే. ఆ ఆలు ఆర్ఎన్ఏ ఇమ్యూనిటీ కణాలని రెచ్చగొట్టింది, లూపస్ పేషెంట్ల రక్తంలోనూ ఎక్కువగా కనబడింది, ఇంటర్‌ఫెరాన్ పెరిగితే అదీ పెరిగింది. అంటే యాంటీబాడీ ప్రోటీన్‌ని పట్టుకుంటే దాంతోపాటు ఆ ఆర్ఎన్ఏ కూడా ఇమ్యూనిటీ కణం లోపలికి పోతుంది, అక్కడ టీఎల్ఆర్7 లాంటి సెన్సర్లు దాన్ని వైరస్ అనుకుంటాయి. మీ చెల్లెలు వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేసేది సరిగ్గా ఈ సెన్సర్ల దగ్గరే. మలేరియా మందు లూపస్‌కేంటి అని చాలామంది అడుగుతారు, అందుకు కొంత జవాబు ఇక్కడుంది.

హెర్వ్-కె వైపు నుంచి నాకు బాగా నచ్చిన పని యేల్ యూనివర్సిటీలో అకికో ఇవాసాకి టీముది. వాళ్ళు ముందు 2018లో ఏ పాత వైరస్ ఏ చోటు నుంచి చదవబడుతోందో విడివిడిగా లెక్కపెట్టే పద్ధతి ఒకటి తయారుచేశారు. ఇది చిన్న విషయం కాదు, ఈ ముక్కలు జీనోమ్‌లో వందల వేల చోట్ల దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి అంతకు ముందు వచ్చిన చాలా పేపర్లలో "హెర్వ్-కె పెరిగింది" అంటే ఏది పెరిగిందో ఎవరికీ తెలీదు. ఆ పద్ధతితో లూపస్ రక్తంలో వెతికితే కే102 అనే ఒక ముక్క పెరిగి కనబడింది, 2021 పేపర్లో దాని పైతొడుగు ప్రోటీన్ మీద పేషెంట్ల రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయని, ఆ యాంటీబాడీ-ప్రోటీన్ ముద్దలు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలని రెచ్చగొట్టి వాటి డీఎన్ఏని వలలా బయటికి విసిరేలా చేస్తున్నాయని చూపించారు. అదే టీము 2019లో ఎలుకల్లో లూపస్ రావడానికి తోడ్పడే ఒక జీన్ చోటుని పట్టుకుంది, అక్కడ ఉండాల్సిన కాపలా ప్రోటీన్లు ఆ ఎలుకల్లో లేవు, అందుకే వాటి రక్తంలో పాత వైరస్ పైతొడుగు జీపీ70 ఎక్కువ ఉంటోంది.

ఇంతవరకూ చదివి "అయితే వైరస్‌లే కారణం" అనుకోకండి. ఎల్‌టీఆర్ స్విచ్‌లు ఇంటర్‌ఫెరాన్‌కి, వాపుకి కూడా ఆన్ అవుతాయని పైన రాశా కదా. అంటే వాపు వల్ల పాత వైరస్ లేచిందా, పాత వైరస్ లేవడం వల్ల వాపు వచ్చిందా అనేది పేషెంట్ చర్మంలోంచి ఒక్కసారి ముక్క తీసి చూస్తే తేలదు. మామూలు లూపస్‌లో నా ఉద్దేశం, మొదలుపెట్టింది ఇదో కాదో కానీ మంట ఆరకుండా చూసేవాటిలో ఇదొకటి. దీనికి మించి ఎవరైనా ఢంకా బజాయించి చెప్తే అనుమానించండి.

కారణం అని నిజంగా గట్టిగా చెప్పగలిగేది ఒక అరుదైన జబ్బులో. ట్రెక్స్1 అని ఒక ఎంజైమ్ ఉంది, కణంలో ఉండకూడని చోట పడి ఉన్న డీఎన్ఏని నమిలేయడం దాని పని. ఈ జీన్ రెండు కాపీలూ చెడిపోతే ఐకార్డీ-గుటియేర్ సిండ్రోమ్ వస్తుంది, పసిపిల్లల మెదడు దెబ్బతింటుంది, వేళ్ళ చివర్లు, చెవులు చలికి కమిలినట్టు ఎర్రగా నీలంగా అవుతాయి. ఇందులో తేడా ఒక కాపీలోనే ఉన్నా కొన్ని కుటుంబాల్లో చిల్‌బ్లెయిన్ లూపస్ అనే చర్మం జబ్బు వస్తుంది, 2007లో అది బయటపడింది. మన ఎండలకి ఇది ఇక్కడ పెద్దగా కనబడదు కానీ అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవచ్చు. 2008లో ఎలుకల్లో ట్రెక్స్1 తీసేస్తే పేరుకున్న డీఎన్ఏలో రెట్రో ముక్కల డీఎన్ఏ కనబడింది. దాంతో తర్వాతి ప్రశ్న సహజంగానే వచ్చింది, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ని ఆపే హెచ్ఐవీ మందులు ఇస్తే? 2018లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది ఆ ట్రయల్, అబకావిర్, లామివుడిన్, జిడోవుడిన్ మూడూ కలిపి 8 మంది పిల్లలకి ఏడాది ఇస్తే మందు వాడినంత కాలం రక్తంలో ఇంటర్‌ఫెరాన్ లెక్క తగ్గింది. మీరు విన్న "హెచ్ఐవీ మందులతో తగ్గుతుంది" అనే మాటకి మూలం దాదాపు ఇదే. కానీ చూడండి, 8 మంది పిల్లలు, పోల్చడానికి వేరే గుంపు లేదు, జీన్ లోపం వల్ల వచ్చే వేరే జబ్బు, తగ్గింది రక్తంలో అంకె. దాన్ని తెచ్చి డిస్కాయిడ్ లూపస్‌కి అతికించడం కుదరదు.

సోరియాసిస్ గురించి కూడా అడిగారు కాబట్టి, అక్కడ సాక్ష్యం చిందరవందరగా ఉంది. హెర్వ్-కె తయారుచేసే డీయూటీపేజ్ అనే ఎంజైమ్ టీఎల్ఆర్2 అనే సెన్సర్ ద్వారా చర్మంలో వాపు రేపగలదని 2011లో, ఆ జీన్‌లో తేడాలకి సోరియాసిస్‌కి లింకు ఉందని 2012లో వచ్చాయి, అది 19వ క్రోమోజోమ్‌లో అప్పటికే సోరియాసిస్‌కి గుర్తుపెట్టిన చోటే కావడంతో అందరూ ఉత్సాహపడ్డారు. 2014లో ఇంకో టీము చూస్తే సోరియాసిస్ మచ్చల్లో హెర్వ్-కె ఎక్కువ కాదు, తక్కువ ఉంది, దాని మీద యాంటీబాడీలు కూడా తక్కువే. రెండూ మంచి పత్రికల్లో వచ్చినవే. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి సోరియాసిస్ ముదురుతుంది, హెచ్ఐవీ మందులు మొదలుపెడితే తగ్గుతుంది, చూశారా అంటారు కొందరు, కానీ ఆ మందులతో వాళ్ళ ఇమ్యూనిటీ మొత్తం దారిలో పడుతుంది కాబట్టి దాన్నుంచి పాత వైరస్‌ల గురించి ఏమీ తేలదు. బొల్లికైతే రుజువులున్న దారి వేరు, ఇంటర్‌ఫెరాన్-గామా, రంగు కణాలని చంపే టీ-కణాలు, ఇప్పుడు వస్తున్న రుక్సోలిటినిబ్ క్రీమ్ ఆపేది దాన్నే.

చర్మం విషయంలో నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది 2021లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ నుంచి యాస్మిన్ బెల్కెయిడ్ టీము రాసిన పేపర్. మన అందరి చర్మం మీదా ఉండే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే మామూలు బ్యాక్టీరియా, ఏ జబ్బూ చేయనిది, దాన్ని ఎలుక చర్మం మీద రాస్తే పైపొర కణాల్లో పాత వైరస్‌లు లేచాయి, వాటి నుంచి తయారైన డీఎన్ఏని సీగ్యాస్ పట్టుకుంది, దాంతో చర్మంలో కాపలా టీ-కణాలు పెరిగాయి, గాయాలు మానడానికి కూడా అవే పనికొచ్చాయి. అంటే ఆరోగ్యంగా ఉన్న చర్మం కూడా ఈ పాత వైరస్‌లని లేపి వాడుకుంటోంది! అదే ఎలుకలకి కొవ్వు తిండి పెడితే ఆ స్పందన అదుపు తప్పి వాపుగా మారింది, హెచ్ఐవీ మందులు ఇస్తే ఆ వాపు తగ్గింది. దీన్ని నేను ఇలా చూస్తా, పాత వైరస్‌లని పూర్తిగా నొక్కేస్తే మేలు మాత్రమే జరుగుతుందని అనుకోవడానికి లేదు. ఎలుకలే అయినా.

ఇక హెచ్ఐవీ మందులు మీ అంతట మీరు ఎందుకు మొదలుపెట్టొద్దంటే. జిడోవుడిన్‌తో రక్తం తగ్గుతుంది, లూపస్ ఆడపిల్లల్లో చాలామందికి ముందే రక్తహీనత ఉంటుంది. అబకావిర్ కొందరి జీన్‌కి పడక ప్రాణం మీదకి తెస్తుంది, అందుకే దానికి ముందు హెచ్ఎల్ఏ టెస్ట్ చేస్తారు. టెనోఫోవిర్ కిడ్నీల మీద పనిచేస్తుంది, లూపస్‌లో మేం భయపడేదే కిడ్నీల గురించి. లామివుడిన్, టెనోఫోవిర్ రెండూ హెపటైటిస్-బి మీద కూడా పనిచేస్తాయి, తెలియకుండా హెపటైటిస్-బి ఉన్న మనిషి ఇవి కొన్నాళ్ళు వాడి ఠక్కున ఆపితే లివర్ పాడవుతుంది. పైగా మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో, అదీ పాత వైరస్ లింకు గట్టిగా చెప్పుకునే జబ్బే, రాల్టెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు ఇచ్చి చూస్తే ఏ లాభమూ కనబడలేదు. మీకు నిజంగా ఇంటర్‌ఫెరాన్ దారిని ఆపే మందు కావాలంటే ఆ దారిలోనే వచ్చినది ఒకటుంది, అనిఫ్రొలుమాబ్, 2021లో అమెరికాలో సిస్టమిక్ లూపస్‌కి, అంటే ఒళ్ళంతా వచ్చే రకానికి, అనుమతి వచ్చింది, చర్మం మచ్చల మీద బాగా పనిచేస్తుంది, ధర మాత్రం మామూలు ఇళ్ళకి అందేది కాదు, మీ చెల్లెలికి ప్రస్తుతానికి అవసరమూ లేదు.

ఆమెకి ఇప్పుడు కావాల్సింది చాలా సాదా విషయాలు. సన్‌స్క్రీన్ అంటే మనవాళ్ళు బొట్టు పెట్టినట్టు రాస్తారు, అలా కాదు, చూపుడు వేలు, మధ్య వేలు పొడుగునా రెండు గీతలు పిండితే వచ్చేంత ముఖానికి, మెడకి కలిపి కావాలి, చెవులు మర్చిపోకూడదు, ఆమెకి మచ్చ ఉన్నదే చెవిలో. కిటికీ అద్దంలోంచి యూవీ-ఏ వస్తుంది కాబట్టి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఎండ తగిలినట్టే. చున్నీ కప్పుకోవడం మంచిదే, పల్చటి చున్నీతో పెద్దగా ఆగదు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగితే బయటికి పంపండి, సిగరెట్ తాగే లూపస్ పేషెంట్లకి జబ్బు ఎక్కువ ఉంటుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ బరువుని బట్టి కిలోకి రోజుకి 5 మిల్లీగ్రాములు దాటకూడదు, మొదట్లో ఒకసారి కళ్ళ డాక్టర్‌కి రెటీనా చూపించండి, ఐదేళ్ళ తర్వాత ఏటా. మందు పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది, నెలకే పని చేయట్లేదని ఆపేసి పసరు వైద్యానికి పోయినవాళ్ళు మచ్చ పూడుకుపోయి గుంటలతో తిరిగొస్తారు, డిస్కాయిడ్ మచ్చ ముదిరితే రంగు పోతుంది, తలలో అయితే ఆ చోట జుట్టు మళ్ళీ రాదు. మెడికల్ షాపులో తామరకి ఇచ్చే మూడు మందులు కలిపిన స్టెరాయిడ్ క్రీములు ముఖానికి రాయొద్దు. తామర అని ఎవరైనా టెర్బినాఫిన్ మాత్రలు ఇస్తే లూపస్ ఉందని చెప్పండి, ఆ మందుతో, ఏళ్ళ తరబడి మింగే గ్యాస్ మాత్రలతో కూడా సబ్‌అక్యూట్ లూపస్ లేచిన కేసులున్నాయి. చర్మానికే పరిమితమైన డిస్కాయిడ్ లూపస్ కొద్దిమందిలో ఒళ్ళంతా లూపస్‌గా మారుతుంది, అందుకని అప్పుడప్పుడూ యూరిన్‌లో ప్రోటీన్, బ్లడ్ కౌంట్ చూపిస్తూ ఉండండి.

ఇక పెళ్ళి, పిల్లలు. ఈ పాత వైరస్ డీఎన్ఏ పుట్టే బిడ్డకి తండ్రి నుంచీ వస్తుంది తల్లి నుంచీ వస్తుంది, ఏ ఇంట్లో పుట్టినా వస్తుంది, కాబట్టి అది లెక్కలోకే రాదు. లూపస్ నేరుగా వారసత్వంగా దిగే జబ్బు కాదు, అచ్చం ఒకేలా ఉండే కవలల్లో కూడా ఒకరికి వచ్చి ఇంకొకరికి రాని జంటలు చాలా ఉన్నాయి. సంబంధం వాళ్ళకి చెప్పాలా అంటే చెప్పండి, దాచి పెళ్ళయ్యాక మాత్రలు దాచుకుని మింగే అమ్మాయిలని చూశాను, వాళ్ళే మందు మానేసి జబ్బు ముదరబెట్టుకుంటారు. మీరు పట్టించుకోవాల్సింది యాంటీ-రో యాంటీబాడీ. ఇది పాజిటివ్ అయితే మాయ దాటి కడుపులో బిడ్డకి వెళ్తుంది, అలాంటి తల్లుల బిడ్డల్లో వందలో ఇద్దరికి గుండె కొట్టుకునే వైరింగ్ దెబ్బతింటుంది, కొందరికి పుట్టాక ఎండ తగిలిన చోట మచ్చలొచ్చి కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి. అందుకని ఈ టెస్ట్ పెళ్ళి కుదరకముందే చేయించి రిపోర్టు జాగ్రత్త పెట్టండి, పాజిటివ్ వస్తే గర్భం రాగానే గైనకాలజిస్ట్‌కి మొదటి రోజే చూపించమనండి, హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలో ఆపకూడదు, 16-18 వారాల నుంచి 26 వారాల దాకా బిడ్డ గుండె స్కాన్ చేయిస్తూ ఉండాలి. పాత రిపోర్టుల్లో "ఏఎన్ఏ ప్రొఫైల్" అని ఉంటే అందులో ఎస్ఎస్ఏ వరస ఒకసారి చూసి ఇక్కడ రాయండి, అది లేకపోతే ఏం చేయించాలో చెప్తాను.